సత్యవతి గారి మే నెల

మే నెలలో మా ఇంట్లో కాఫీ బాగుండదు. గోదావరి కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. ముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ళ చెరువు మీద ఊరంతా నెట్టుకొస్తుంది. మూడో వారానికల్లా కుళాయి తిప్పితే నాచు వాసన. ఎంత ఖరీదైన పొడి వేసినా గ్లాసులోంచి ముందు చెరువే పలకరిస్తుంది. దీని మీద ముప్పై ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నాను, ఎక్కువగా మా ఆవిడ సుజాతకి. ఈ ఉదయం ఆ వాసన తగలగానే సత్యవతి గారు గుర్తొచ్చారు. గ్లాసు పక్కన మా కాలేజీ యాజమాన్యం ఇచ్చిన ఉత్తరం ఉంది. జూన్‌లో నాకు అరవై నిండుతాయి. కావాలంటే ఇంకో మూడేళ్ళు పాఠాలు చెప్పుకోవచ్చట, ఏ సంగతీ నెలాఖరులోగా తెలియజేయాలట. ఇప్పుడు మానేస్తే మా ఇద్దరికీ గడుస్తుందా అన్నది ప్రశ్న. నేను కామర్స్ లెక్చరర్‌ని కాబట్టి ఇలాంటి వాటికి జవాబు నాకు తెలియదు. సత్యవతి గారికి తెలుసు.

మాది భీమవరం దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. పింఛను లేదు, మే నెలలో జీతమూ లేదు. సత్యవతి గారు అక్కడ ఆఫీసు సూపరింటెండెంటు. భర్త లేరు, పిల్లలు లేరు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. మేమంతా మే నెలని తుపానులా భావించి, అది రాకముందే చేబదుళ్ళు మొదలుపెట్టేవాళ్ళం. ఆవిడ మాత్రం, రేపు రిటైరయ్యాక తన డిపాజిట్ల మీద నెలకి ఎంత వడ్డీ వస్తుందో లెక్కేసి, అంతే సొమ్ము ఒక పాలపొడి డబ్బాలో పెట్టి, ఒకటో తారీఖు నుంచి ముప్పై ఒకటి దాకా దానితోనే గడిపేవారు. ఇదేం వ్రతమండీ అని అడిగాను ఒకసారి.

"రిహార్సల్ అండి," అన్నారు. "రెండు గంటల నాటకానికి నెల్లాళ్ళు చేస్తారు కదా. ఇరవయ్యేళ్ళు ఆడాల్సిన దానికి వద్దా?"

నాకు నలభై అయిదో ఏట, నాన్నగారి పొలంలో నా వాటా అమ్మితే కాస్త సొమ్ము వచ్చింది. మా వైపు మనిషి చేతిలో నాలుగు డబ్బులు పడితే కళ్ళు మూసినా రొయ్యల చెరువే కనిపిస్తుంది. నాకు కనిపించకపోయినా మా బావమరిదికి కనిపించింది. మొత్తం పెట్టి చెరువు లీజుకి తీసుకుందామన్నాడు. ఈ శుభవార్త ఆఫీసులో చెప్పాను.

"అరవై దాటాక మీ ఇంటికి నెలకి ఎంత కావాలండి?" అన్నారు సత్యవతి గారు.

"ఎంతో కొంత కావాలండి."

"కామర్స్‌లో దాన్నేమంటారు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. "ఆ సొమ్ము మొత్తం బ్యాంకులో వేస్తే నెలకి ఎంతొస్తుందో అంతే డబ్బాలో పెట్టి ఈ మే గడపండి. రొయ్యల సంగతి తర్వాత," అన్నారు.

సుజాత మారుమాట లేకుండా ఒప్పుకుంది. అప్పుడే అనుమానించాల్సింది. పదకొండో తారీఖుకి డబ్బా ఖాళీ. ఆవకాయకి కాయలు నేనే కొన్నాను, అవసరానికి రెండింతలు. పన్నెండున కాఫీ పొడి కోసం గ్లాసు పట్టుకుని సత్యవతి గారింటికి వెళ్ళాను.

"రిటైరైన పన్నెండో రోజుకే వచ్చేశారా మాస్టారూ," అంటూ పొడి వేశారు. "ఉన్నది పదకొండు రోజులకండి. మిగతా ఇరవై రోజులూ పదిహేనేళ్ళలో నింపుకోవాలి. ఇందులో రొయ్యలకి చోటెక్కడుంది? కాలువ కట్టేశాక చెరువు నింపుకుంటానంటే నీళ్ళెవరిస్తారండి?"

సొమ్ము బ్యాంకులో వేశాను. ఇంట్లో శాంతి కోసం కొంచెం బావమరిదికి ఇచ్చాను. రెండో పంటకి వైరస్ తగిలి రొయ్యలన్నీ తేలిపోయాయి. నేను మొత్తం పెట్టి ఉంటే ఇంకో చెరువు కూడా ఉండేదని అతని బాధ. అందులోనూ రొయ్యలే ఉండేవి.

సత్యవతి గారు అందరికీ ఒకే మాట చెప్పేవారు కాదు. కాలక్షేపానికి ఫిజిక్స్ చెప్పే వర్మగారికి ముప్పై ఎకరాల చేపల చెరువులు. "మీకు నీళ్ళకేం తక్కువండి, గట్టు చూసుకోండి. అడిగినవాడికల్లా హామీ సంతకాలు పెడుతున్నారు," అనేవారు. అటెండరు అప్పారావుది నరసాపురం వైపు వేటకెళ్ళే కుటుంబం. రిటైరైనప్పుడు చేతికొచ్చిన పీఎఫ్ అంతా కొడుకు పడవకి ఇచ్చేస్తానన్నాడు.

"నీది కుండ, అప్పారావూ. కుండకి మూత ఉండాలి. నువ్వున్నంత కాలం అది నీ పేరునే ఉంచు. ఓపికున్నన్నాళ్ళు ఒక పూట పని చూసుకో."

"కొడుకేమనుకుంటాడండి?"

"అనుకోనీ. అనుకోడానికి ఖర్చవదు."

అప్పారావుకి ఇప్పుడు డెబ్బై దాటాయి. పొద్దుటిపూట ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటాడు. వలకి నూలు కావాల్సినప్పుడు కొడుకు వచ్చి నాన్నగారూ అంటాడట. అంతకుముందు ఆ 'గారు' ఉండేది కాదని అప్పారావే చెప్పాడు.

సత్యవతి గారు రిటైరైన రోజు శాలువాలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాక ఆవిడ మాట్లాడింది ఒక్క ముక్క. "పదహారు మే నెలలు చేశానండి. ఇది పదిహేడోది, కాస్త పొడుగు." తర్వాత కాశీ వెళ్తారనుకున్నాం. ఊటీ వెళ్ళారు, రెండుసార్లు. పోయిన కార్తీకంలో, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా వెళ్ళిపోయారు. బీరువాలో తన కర్మకాండకి విడిగా డబ్బు, దాని మీద 'ఇంతే' అని చీటీ ఉన్నాయి.

ఏడాదికేడాది మా మే నెల డబ్బా పదకొండో తారీఖు నుంచి పద్నాలుగుకి, పంతొమ్మిదికి పాకింది. ట్యూషన్లు చెప్పాను, స్కూటరు మార్చలేదు, కాఫీకి పాలు సగం చేసి నీళ్ళు కలిపాం. ఏటా పుట్టినరోజుల కంటే ఆ తారీఖే శ్రద్ధగా చూసుకునేవాళ్ళం. నిరుడు ముప్పై ఒకటికి చేరడమే కాక, అడుగున రెండు నోట్లు మిగిలాయి. ఆ సాయంత్రమే సత్యవతి గారిని ఇంటికి పిలిచి, డబ్బా మూత తీసి చూపించాను. ఈ పదిహేనేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క మెడల్ అది. ఆవిడ నోట్లు చూసి, తృప్తిగా తలాడించి, కళ్ళజోడు సంచిలో పెట్టుకున్నారు.

"అయినా ఎందుకైనా మంచిదని, పొడిగింపు ఇస్తే ఇంకో మూడేళ్ళు చేద్దామనుకుంటున్నానండి," అన్నాను.

సుజాత కాఫీ తెచ్చింది. సత్యవతి గారు రెండు గుక్కలు తాగి, గ్లాసు ఇదే బల్ల మీద పెట్టారు. నాచు వాసనకి క్షమాపణ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"చెరువు నిండింది కదా మాస్టారూ. ఇంకా పాలల్లో నీళ్ళెందుకు పోయిస్తున్నారు?"