విమానం అద్దెకు ఆడిన బేరం

బేరం ఆడకుండా నేను కొన్నది ఏదైనా ఉందంటే అది బస్సు టికెట్టు ఒక్కటే. అదీ కండక్టరు వినడు కాబట్టి. అనంతపురం పాతూరులో మాది స్టీలు సామాన్ల అంగడి. కొనడానికైనా అమ్మడానికైనా నోరే మా పెట్టుబడి.

మా ఇంట్లో బేరానికి ఇద్దరు కావాలి. ఒకరు ధర అడుగుతారు. వాళ్లు దగ్గగానే రెండోవారు మొహం చిట్లించి, "వద్దులే, పోదాం పా" అంటారు. చిన్నప్పుడు మా అమ్మ పక్కన ఆ రెండో వేషం నాది. తర్వాత అది నా కూతురికి వచ్చింది. పట్టుపావడా మీద ప్రాణం పెట్టుకుని కూడా "బాగలేదు నాయనా, పోదాం పా" అని అంగడివాణ్ణి దించిన పిల్ల. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

ఇంటరు కాగానే ఆ పిల్ల పైలట్ అవుతానంది. రెండేళ్లు వినీ విననట్టు ఉన్నాను. చివరికి కంబదూరు దగ్గరున్న ప్లాటు అమ్మి, పోయిన సంవత్సరం కర్ణాటకలో చిన్న విమానాలు నడపడం నేర్పే స్కూలుకు ఇద్దరం బయల్దేరాం. ఆ బ్యాచ్‌లో ఒక్క సీటే మిగిలిందని ఫోనులో చెప్పారు. బస్సు దిగేముందు అన్నాను: "నేను దగ్గితే ఏం చేయాల్నో తెలుసు గదా?"

"ఆడ వద్దు నాయనా. అది బట్టలంగడి కాదు."

"దుడ్లు తీసుకునేది యాడైనా అంగడేలేమ్మా."

ఆఫీసులో ఒక మేడమ్ కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, కోస్తా మాట. నేర్పేదీ ఆవిడే. ఓపికగా చెప్పింది: విమానానికి గంటకింత అద్దె, పెట్రోలు అందులోనే. పక్కన కూర్చుని నేర్పినందుకు గంటకింత, అది వేరే. ఇంజిన్ తిరగడం మొదలైనప్పటి నుంచీ లెక్క.

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "నేల మీద పోతాండేటప్పుడు కూడా ఎగిరే రేటేనా మేడమ్?"

"ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కదండీ."

"చీరకు రైకగుడ్డ ఊరికే ఇస్తారు. విమానానికి టీచరును వేరేగా కొనాల్నా?"

ఆవిడ నవ్వింది. అంగట్లో ఎదుటివాడు నవ్వితే మాకు సగం పని అయినట్టే.

"ఇన్ని గంటలు ఒకేసారి తీసుకుంటాండాం, హోల్‌సేల్ రేటు వేయండి. పిల్ల చురుకు. టీచరు గంటలు సగం తగ్గించినా నేర్చుకుంటాది."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఆ గంటలు తగ్గిస్తే కింద పడేది మీ అమ్మాయేనండీ."

అక్కడైనా ఆగి ఉండాల్సింది. దగ్గాను.

నా కూతురు కదల్లేదు. ఇంకోసారి దగ్గాను. తల దించుకుని, చిన్నప్పటి నుంచీ అలవాటైన ఆ గొంతుతోనే, "వద్దులే నాయనా, పోదాం పా" అంది.

నేను లేచి తలుపుదాకా నడిచాను, వెనక్కి పిలుస్తారని చెవులు మాత్రం అక్కడే వదిలి.

"సరేనమ్మా," అంది మేడమ్, నాతో కాదు, నా కూతురితో. "ఇష్టం లేకుండా నేను ఎవరినీ ఎక్కించను. నాన్నగారి బలవంతం మీద వచ్చేవాళ్లను చూశాను. సీటు కోసం ఇంకొకరు అడుగుతున్నారు, వాళ్లకు చెప్తాను." ఫోను చేతిలోకి తీసుకుంది.

అది వెటకారం కాదు. ఆవిడ నమ్మింది. మేము ఇన్నేళ్లుగా వాడుతున్న ఆ మాటను నిజంగా నమ్మిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

"అది ఉత్తుత్తి మాట మేడమ్! ధర తగ్గిస్తారని, అట్లా అనమని నేనే నేర్పినా!" తలుపు దగ్గర నుంచే అరిచాను.

ఆవిడ ఫోను కింద పెట్టింది. "పైన ఈ అమ్మాయి 'నేను నడపగలను' అంటే, విమానాన్ని తన చేతికి వదిలేస్తాను. అదీ ఉత్తుత్తి మాటే అయితే?"

నేను తలుపు వదిలి బల్ల దగ్గరికి వచ్చాను.

"నీకు నేర్చుకోవాలని ఉందా?" అని అడిగింది నా కూతుర్ని. ఆ పిల్ల నా మొహం వైపు చూసింది, ఏం చెప్పమంటావని. ఇన్నేళ్ల కోరిక చేజారిపోతున్నా, నా సైగ లేకుండా నోరు తెరవలేని పిల్లగా దాన్ని తయారు చేశాను.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది మేడమ్, మర్యాదగానే.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు నిజంగానే దగ్గు వచ్చింది. లోపలికి వినిపిస్తే మళ్లీ ఏమవుతుందోనని కళ్లనీళ్లు వచ్చేదాకా బిగబట్టుకున్నాను. అద్దం తలుపు అవతల నా కూతురు చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది. ఇంట్లో అది అంత మాట్లాడగా నేను చూడలేదు.

చాలాసేపటికి బయటికి వచ్చింది.

"ఏమైందమ్మా?"

"చేర్చుకుంటారంట. ఒక నెల చూసి ఖాయం చేస్తారంట."

"మరి రేటు..." అని నాలుక కరుచుకున్నాను.

"రేటు అదే. లోపలికొచ్చి దుడ్లు కట్టు నాయనా. కట్టేటప్పుడు ఏం మాట్లాడొద్దు. ఇంకోసారి నాతో ఈడికి రావద్దు."

కట్టాను. మేడమ్ నోట్లు లెక్కపెట్టుకుంటుంటే నా కూతురు నా పక్కన నిలబడలేదు. బల్ల అవతలికి వెళ్లి, ఆవిడ కుర్చీ వెనక నిలబడింది.