మునిగిన పసుపు గీత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నమ్మేవాళ్లతో వాదించి చాయ్ చల్లారబెట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి. లాల్‌దర్వాజాలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. జనరేటర్లు, నీళ్ల మోటార్లు, అప్పుడప్పుడు బోటు ఇంజిన్లు బాగుచేస్తాను. ఇంజిన్ మొరాయిస్తే దానికి కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతమంతా ఇంతే.

కొన్నేళ్ల కింద పాతబస్తీ గల్లీల్లో నీళ్లు నిలిచినప్పుడు మా వైపు వ్యాపారస్తుల కమిటీ ఒక పాత జెట్ బోటు కొంది. మామూలు బోటుకు వెనక రెక్కలు నీళ్లలోకి దిగి ఉంటాయి. గల్లీల్లో తెగిపడ్డ వైర్లు, కొట్టుకొచ్చిన బట్టలు వాటికి చుట్టుకుంటాయి. జెట్ బోటుకు ఆ బాధ లేదు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకు ముందుకు పోతుంది. ఆ వానల్లో దాన్ని నడిపింది బార్కస్‌లో ఉండే ఉమర్ చాచా. నీళ్లు తగ్గాక బోటును చెరువు ఒడ్డున షెడ్డులో పెట్టి, కాపలాకు కూడా ఆయన్నే ఉంచారు.

పోయిన వానాకాలానికి ముందు కమిటీ పెద్ద నాకు కబురు పెట్టాడు. ఆయన్ను అందరం సేటు అంటాం. గుడిమల్కాపూర్‌లో పూల హోల్‌సేల్ వ్యాపారం. బోటును ఒకసారి నీళ్లలో దింపి చూడాలన్నాడు. నేను వెళ్లేసరికి దానికి బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు కట్టి, పెళ్లికొడుకును చేసి పెట్టారు. ఆ పూలు జెట్‌లోకి పోతే మళ్లీ నన్నే పిలుస్తారని గొణుక్కుంటూ నేనే అన్నీ తీసేశాను.

ఇంజిన్ మొదటిసారికే అందుకుంది. చాచా, నేను ఎక్కి చెరువులోకి పోయాం. రేసు పూర్తిగా ఇస్తే బోటు లేచి నీళ్ల మీద జారాలి. అది లేవలేదు. వెనక భాగం కుంగి, ముక్కు పైకెత్తి, బురదలో దిగబడ్డ బర్రెలా ఈడ్చుకుంటూ పోయింది. ఒడ్డున నలుగురిని వెంటేసుకుని నిలబడ్డ సేటు ముఖం మాడిపోయింది.

షెడ్డుకు రాగానే ఏమైందని అడిగాడు. మూలన ఒక పెట్రోల్ డబ్బా కనబడింది. మూత తీసి వాసన చూశాను. పాత రంగు డబ్బా కంపు కొట్టింది. చాలాకాలం నిలవున్న పెట్రోల్ అలాగే కంపు కొడుతుంది.

"పెట్రోల్ ఖరాబైంది సేట్. ఎన్నడు స్టార్ట్ చేసినట్టు లేదు. గిట్ల పడేస్తే ఏ ఇంజిన్ గుంజుతది?" అన్నాను.

"ఇంజిన్ల ఏం లేదు బేటా. బోజ్ ఉంది. బరువు" అన్నాడు చాచా.

"ఉన్నది మనం ఇద్దరమే. ఏం బోజ్ చాచా?" అని నవ్వాను.

సేటు అక్కడికక్కడే షెడ్డు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. చాచాకు జీతం కంటే ఆ తాళంచెవే పెద్ద మర్యాద. దాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. ముడి విప్పి సేటు చేతిలో పెట్టాడు. నేను అటు చూడకుండా స్పానర్లు తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే అనిపించింది. తప్పు ఒకరి మీద పడిపోతే మెకానిక్ మీదికి రాదు.

మర్నాడు ఇంజిన్ విప్పాను. కార్బ్యురేటర్ అద్దంలా ఉంది, ఎక్కడా జిగురు లేదు. ప్లగ్గులు బాగున్నాయి. అన్ని సిలిండర్లలోనూ ఒత్తిడి ఒక్కలాగే ఉంది. ట్యాంకులో పెట్రోల్ తాజాది. అప్పుడర్థమైంది. చాచా ట్యాంకులోంచి పాత పెట్రోల్ తీసి, పారబోయడానికి మూలన పెట్టుకున్న డబ్బా అది. నేను వాసన చూసింది దాన్ని.

ఆ నిమిషమే సేటు దగ్గరికి పోవాల్సింది. పోలేదు. చాచా తప్పు ఇంకేదైనా దొరక్కపోతుందా అని వెతికాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బోటు అడుగున నీళ్లు పీల్చే చోట జాలీ శుభ్రంగా ఉంది. లోపలి ఫ్యాను అంచులు అరగలేదు. మళ్లీ చెరువులో దింపి చూశాను. బలం తగ్గిన ఇంజిన్‌కు చక్కర్లు తగ్గాలి. మీటరు చూస్తే చక్కర్లు పూర్తిగా ఉన్నాయి. వెనక నీళ్లు బలంగా చిమ్ముతున్నాయి. అయినా బోటు లేవడం లేదు.

ఇక మిగిలింది ఒక్కటే, బరువు. బోటు పక్కన పొడుగునా ఒక పసుపు గీత ఉంటుంది. మనుషులు నిండా ఎక్కినప్పుడు నీళ్లు ఆ గీత దాకా రావాలి, దాటకూడదు. బోటులో నేనొక్కణ్నే ఉన్నాను. గీత నీళ్లలో మునిగి ఉంది. బోటు లోపల అడుగున చెయ్యి పెట్టి చూశాను. చుక్క నీరు లేదు.

బోటు గోడల మధ్య ఉండే ఫోము నీళ్లు పీల్చిందేమోనన్న అనుమానంతో బోటును బయటికి లాగించి లారీలు తూచే ధర్మకాంటా మీద తూకం వేయించాను. బోటుకు బిగించిన కంపెనీ ప్లేటు మీద రాసిన బరువే వచ్చింది. తిరిగి నీళ్లలో దింపి ఎక్కాను. గీత మునిగింది.

అప్పుడు బార్కస్ పోయాను. చాచా నన్ను చూసి ముఖం తిప్పుకుంటాడనుకున్నాను. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. డబ్బా సంగతి చెప్పాను. తెలుసన్నట్టు తలూపాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు మస్తు భరోసాగ చెప్పినవ్ బేటా. నడుమల నేనేం చెప్పాలె?"

బరువు సంగతి అడిగాను. చాయ్ కింద పెట్టి మెల్లగా చెప్పాడు. "వానల కండ్లు తెరవరాలే. చేతులు అందుకుంట గుంజిన, అంతే. ఎక్కినోళ్లు మస్తుమంది. ఒడ్డుకొచ్చినంక చూస్తే దిగినోళ్లు తక్కువ. నడుమ ఎవరు పడలే. పడితే నాకు తెలుస్తది."

అప్పటినుంచి వారం వారం బోటును నీళ్లలో దింపి, చెరువు మెట్ల పక్కకు తెచ్చి వాళ్లను దింపుతున్నాడట. మరుసటి వారానికి మళ్లీ ఎక్కి ఉంటారట. తాళంచెవి పోయాక దింపేవాళ్లు లేరు.

నేను నమ్మలేదు. అయినా ఆయన్ను నా స్కూటర్ మీద ఎక్కించుకుని చెరువు దగ్గరికి వచ్చాను. బోటులో నేను కూర్చున్నాను. చాచా మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి చాపాడు.

"దిగు అమ్మా. ఒడ్డొచ్చింది. ఆహిస్తా, మెల్లగ."

బోటు మెట్ల వైపుకు ఒరిగింది. మనిషి అంచు మీద కాలు పెట్టి దిగినప్పుడు ఎట్లా ఒరుగుతుందో అట్లా ఒరిగి, మళ్లీ నిలకడగా తేలింది. చాచా మళ్లీ చెయ్యి చాపాడు. మళ్లీ ఒరిగింది. ఒకచోట చాచా రెండు చేతులూ చాపి, చంటిపిల్లను అందుకున్నట్టు దేన్నో ఎత్తి దించాడు. నేను రెండు అంచులూ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పసుపు గీత మొత్తం నీళ్ల పైన ఉంది. తర్వాత నేనొక్కణ్నే చెరువు చుట్టి వచ్చాను. బోటు లేచి నీళ్ల మీద జారింది.

సాయంత్రం సేటు దగ్గరికి పోయి పొరపాటు నాదేనని, డబ్బా చూసి మోసపోయానని చెప్పాను. మిగతాది చెప్పలేదు. సేటు అప్పటికే తన మేనల్లుణ్ని కాపలాకు పెట్టేశాడు.

"బోటు నడుస్తుంది గద. ఇంక లొల్లి ఎందుకు?" అన్నాడు.

తాళంచెవి చాచాకు తిరిగి ఇవ్వమని మళ్లీ రెండుసార్లు పోయి అడిగాను. అదే మాట. చాచాకు ఆ సంగతి చెప్తే, ఫికర్ చెయ్యకన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు వారం వారం నేనే పోతున్నాను. ఇంజిన్ చూస్తానని చెప్తే మేనల్లుడు తాళం తీసి, చాయ్‌కి పోతాడు. బోటును మెట్ల పక్కకు తెచ్చి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, చెయ్యి చాపుతాను. చాచా అన్న మాటలే అంటాను. బోటు ఒరుగుతుంది, తేలుతుంది. నా చేతికి మాత్రం ఏమీ తగలదు.

ఇదేమిటో నాకు తెలియదు. దయ్యాలను నమ్ముతున్నానా అంటే లేదనే అంటాను. ఒక్క విషయం మాత్రం కొరుకుడు పడడం లేదు. చాచా దింపిన రోజు గీత మొత్తం పైకి వచ్చింది. నేను దింపితే ఒకచోట, సరిగ్గా నేను కూర్చునే వైపు, రెండు వేళ్ల మందం నీళ్లలోనే ఉండిపోతుంది. నేను దిగి మెట్ల మీద నిలబడ్డాక కూడా.

చాచా ఆ రోజు అన్నట్టే, ఇంజిన్‌లో ఏమీ లేదు. విప్పి చూశాను.