వంటావార్పు దగ్గర ఆగిన అంబులెన్సు

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. రోగాలు మాత్రం సమ్మెలో చేరలేదు కాబట్టి మా డ్యూటీలు ఎప్పటిలాగే ఉండేవి.

అప్పుడు మా వార్డులోకి వచ్చింది గంభీరావుపేట రాజవ్వ. కోరుట్లలో బీడీలు చేసుకునే కూతురు సుజాత ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చింది. అన్నవాహికలో క్యాన్సర్. గొంతు కింద దారి దాదాపు మూసుకుపోయింది. అందుకని రైల్స్ ట్యూబ్ వేశాం. ముక్కు గుండా కడుపులోకి వెళ్లే సన్నటి గొట్టం అది. పాలైనా జావైనా అందులోంచి పోయాల్సిందే. రాజవ్వ ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. పెళ్లిళ్లకూ ఆమెనే పిలిచేవారట. అంతమందికి వండిపెట్టిన మనిషికి ఈ జబ్బేమిటని నాకు దేవుడి మీద కోపం వచ్చేది.

మొదట్లో బాగానే పోయించుకుంది. తర్వాత జావ తీసుకెళ్తే చాలు, ట్యూబు మూతను గుప్పిట్లో పట్టుకుని "వద్దు బిడ్డా" అనేది. ఎందుకంటే చెప్పదు. డాక్టరుగారు కసిరి చూశారు, నేను గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆమె గోడవైపు తిరిగి పడుకునేది.

"ఊరికంత వండిపెట్టింది మా అవ్వ. ఆఖరికి ఆకలితోనే పోతదా సిస్టర్?" అని సుజాత వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ పిల్ల అన్నం వేళకు డబ్బాను కొంగుచాటున పెట్టుకుని మెట్ల కిందికి వెళ్లేది. నోట్లోకి మెతుకు పోని తల్లి ముందు తినడానికి మనసొప్పేది కాదు. గబగబా తిని, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. ఎంత మంచి పిల్ల అనుకునేదాన్ని.

ఇక చేయగలిగిన వైద్యం లేదు. రాజవ్వ కూడా ఇంటికి పోతానంది. ఇంటి దగ్గర ట్యూబు ఎలా చూసుకోవాలో నేర్పి రమ్మని డాక్టరుగారు నన్ను అంబులెన్సులో తోడు పంపారు.

గంభీరావుపేట వెళ్లే దారిలో, సిరిసిల్లలో రోడ్డు మధ్య వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే అందరూ కలిసి తినడం ఆ ఉద్యమంలో ఒక నిరసన పద్ధతి. సైరన్ వినగానే "జరుగుండ్రి, జరుగుండ్రి, పేషెంటున్నరు" అంటూ జనం లేచి దారి చేయసాగారు. పక్కనే పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. తెరిచిన కిటికీలోంచి వాసన లోపలికొచ్చింది. రాజవ్వ ముక్కు చిట్లించింది.

"బిడ్డా, పప్పు అడుగంటుతాంది. మంట తియ్యుమను."

ఎన్నో రోజుల తర్వాత ఆమె అంత మాట్లాడటం. నేను కిటికీలోంచి కేకేసి చెప్పాను. గరిటె పట్టుకున్న బడిపంతులు ఒకాయన అడుగు కలిపి చూసి నాలుక కరుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

"గింత మేలు చేసినవు, నీకు పెట్టకుంట పంపుతమా అవ్వా?" అంటూ ఆయన విస్తరాకులో అన్నం, పప్పు, గ్లాసులో పచ్చిపులుసు తెచ్చిచ్చాడు. పాపం, ఆయనకు ట్యూబు సంగతి తెలియదు. సుజాత చప్పున విస్తరాకు అందుకుని సీటు కిందికి నెట్టబోయింది.

"ఎందుకు దాస్తున్నవే? తిను," అంది రాజవ్వ.

"నాకు ఆకలైతలేదవ్వా."

"ఎప్పుడు గదే మాట. నేను దవఖానల పడ్డకాడికెల్లి నువ్వు ఒక్క ముద్ద నోట్లె పెట్టంగ సూడలే. నా బిడ్డ పస్తులుంటే నాకు గా పైపుల జావెట్ల దిగుతది?"

సుజాత, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తల్లి బాధపడుతుందని కూతురు చాటుగా తింటోంది. కూతురు తినడం లేదనుకుని తల్లి మానేసింది. మేమేమో ట్యూబునూ జబ్బునూ అనుమానిస్తూ కూర్చున్నాం.

"తింటున్ననే అవ్వా. మెట్ల కింద కూసొని తింటున్న. నీ ముంగట తినబుద్ధి గాలే," అంటూ సుజాత బావురుమంది.

"పిచ్చిదానా, తినేటోళ్లను సూసుకుంటనే గద నేను బతికింది."

బండిని ఓ పక్కకు ఆపమన్నాను. సుజాత వెక్కుతూనే ముద్ద కలిపింది. రాజవ్వ చూపు విస్తరాకు మీదే ఉంది.

"ఉప్పు సరిపోయిందా?"

"జర తక్కువైంది."

"నేననుకుంటనే ఉన్న," అంది తృప్తిగా.

ఆమెకూ కాస్త రుచి చూపించాలనిపించింది. కానీ మింగబోతే ఆస్పిరేషన్ భయం, అంటే గొంతులోది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోవడం. అందుకని శుభ్రమైన నూలు గుడ్డను పచ్చిపులుసులో తడిపి, గట్టిగా పిండి, ఆమె నాలుకకు అద్దాను. కళ్లు మూసుకుని చప్పరించింది. "పులుపు మంచిగ వడ్డది," అంది. కూతురు విస్తరాకు మడిచాక రాజవ్వ తనే ట్యూబు మూత పట్టుకుని నా వైపు చాపింది.

"ఇగ నాకు పొయ్యి బిడ్డా."

తలవైపు ఎత్తి, ట్యూబు సరిచూసి, జావను మెల్లగా పోశాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కొన్ని వారాల తర్వాత సుజాత ఫోన్ చేసింది. "అవ్వ పోయింది సిస్టర్. ఆకలితోని మాత్రం పోలే. దినాం నన్ను ముంగట కూసోవెట్టుకొని తినిపిచ్చినంకనే పోయించుకున్నది."

ఆ తర్వాత ఎన్ని ఆసుపత్రులు మారినా నాకో అలవాటు ఉండిపోయింది. ఎవరైనా డబ్బా పట్టుకుని బయటికి పోతుంటే వెనక్కి పిలిచి మంచం పక్కనే కూర్చోబెడతాను. ట్యూబులో జావ పోసే ముందు "నువ్వు తిన్నవా?" అని వాళ్లను కాస్త గట్టిగానే అడుగుతాను. ఎందుకంత గట్టిగా అని కొత్త నర్సులు నవ్వుతారు. ఆ జవాబు మంచం మీదున్న మనిషికి వినపడాలి.