ఐరేణి కుండల రాగులు

మట్టి ముద్దను కుమ్మరి సారె నడిమికి తేవడానికి నాకు పట్టినంత కాలం ఇంకెవరికీ పట్టలేదట. ఆ మాట మా గురువుగారే అందరి ముందూ చెప్పింది. బంగారు గనుల ఊరు ఊరిగాంలో మా క్వార్టర్స్ వరుసకు చివర ఉంటుందామె. తండ్రీ తాతా గనిలోకి దిగినవాళ్లు. ఆమె మాత్రం బెంగళూరులో కుండల పని నేర్చుకుని వచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో కరెంటు సారెలు పెట్టి, కావలసినవాళ్లకు నేర్పుతోంది.

రిటైరైన కొత్తలో, సాయంత్రం నడకకు పోతూ ఒకనాడు ఆ షెడ్డులోకి తొంగిచూశాను. ఆమె రెండు చేతుల మధ్య మట్టి తనంతట తానే లేచి నిలబడుతున్నట్టు కనిపించింది. దాన్ని పైకి లేపుతున్నది చేతులా, తిరుగుడా? ఇంటికి వచ్చి భోజనం చేస్తున్నా అదే ఆలోచన. మర్నాడు వెళ్లి చేరాను.

"ఏం సార్, ఫోటో తీయించుకునేదానికి కూర్చున్నట్టు కూర్చున్నారే? వంగండి."

"వంగే ఉన్నాను కదమ్మా."

"వంగింది తల. నడుం వంగల్ల సార్."

మా ఇంట్లో మగవాళ్లకు నడుం వంచే అలవాటు లేదు. కామసముద్రం దగ్గర మా తాతగారికి మామిడితోటలు, రాగి చేలు ఉండేవి. ఊరి తగవులు మా అరుగు మీదే తీరేవి. నాన్న కాలంలోనే ఇల్లూ తోటలూ చేతులు మారాయి. మిగిలిన ఒక్క చేను తమ్ముడు సాగు చేసుకుంటున్నాడు. అందులోంచి నేను గింజ కూడా ముట్టలేదు. పెద్దకొడుకు పెట్టవలసినవాడే గాని పుచ్చుకోవలసినవాడు కాదు. మొదట్లో తమ్ముడు రాగుల మూట తెచ్చేవాడు. నేను వెనక్కి పంపేవాణ్ని. తర్వాత తేవడం మానేశాడు. రాకపోకలు పెళ్లిళ్లకూ చావులకూ మిగిలాయి.

చివరికి నడుం వంచాను. మోచేతులు తొడలకు ఆనించి, శ్వాస బిగబట్టి ముద్దను అదుముతుంటే, ఉన్నట్టుండి అది అటూ ఇటూ కొట్టుకోవడం మానేసింది. సారె తిరుగుతూనే ఉంది. మట్టి మాత్రం ఆగిపోయినట్టే ఉంది. అంత వేగంగా తిరిగే వస్తువు చేతికి ఎలా కదలకుండా తోస్తుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కుండ అనదగ్గది మొదటిసారి తయారైన రోజు, గురువుగారు మట్టి కోసే తీగ తీసుకుని దాన్ని నిలువునా కోసేసింది. అయ్యో అంటూ లేచాను.

"ఊరికే కోయలేదు సార్. లోపల చూడండి."

చూశాను. గోడ పైన దోసెంత పలచన, అడుగున ఇటుకంత మందం. బయట చక్కగా ఉన్న వస్తువు లోపల ఇంత అధ్వానంగా ఉండగలదా? ఆనాటినుంచి నాకదొక పిచ్చి పట్టుకుంది. చేసిన ప్రతి కుండనూ నేనే కోసేవాణ్ని. నిన్నటి గోడకూ ఇవాళ్టి గోడకూ తేడా వెతికేవాణ్ని.

అలా ఉండగా తమ్ముని కూతురికి పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికి ఐరేణి కుండలు ఉండాలి. సున్నమూ ఎర్రమట్టి జాజూ పూసి, పందిట్లో నిలిపి పూజ చేసే కుండలివి. వాటిని చేసినవాళ్ల ఇంటికి మేళంతో వెళ్లి తెచ్చుకోవాలి. మా సొంతూళ్లో కుమ్మరివాళ్లు సారె ఎత్తిపెట్టేశారు. వాళ్ల పిల్లలంతా తెల్లారి రైలుకు బెంగళూరు పనులకు పోతారు.

పెళ్లికూతురే నాకు ఫోన్ చేసింది. "పెద్దనాయనా, అంగడిలో పెయింటు కుండలు నాకొద్దు. నువ్వు చేస్తాండావంట కదా. నా పెండ్లికి నువ్వే చెయ్యి."

వెంటనే ఒప్పుకున్నాను. పెద్దవాడిగా నేను పెట్టగలిగినది ఇన్నాళ్లకు ఒకటి దొరికింది.

కాని కోసి చూసే పిచ్చి వదల్లేదు. పెళ్లి దగ్గరపడుతున్నా అరలో ఒక్క కుండ నిలవలేదు. గురువుగారు నా చేతిలోంచి తీగ లాక్కుంది.

"ఇంగ నిలపండి సార్! పెండ్లికి సగం సగం కుండలు మోసుకుపోతారా?"

"లోపల ఎలా ఉందో తెలియకుండా ఎలా ఇచ్చేదమ్మా?"

"వేలితో తట్టండి. చెవితో చూడండి."

తట్టడం నేర్చుకున్నాను. పెద్ద కుండలు, వాటి మీద నిలిపే చిన్నవి, మూతలు చేశాను. బంగారం తీశాక గనివాళ్లు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీదినుంచి గాలి లేచిన రోజుల్లో తడి కుండల మీద ధూళి పడకుండా పాత పంచెలు కప్పాను. రెండు ఆరేటప్పుడే పగిలాయి. మిగిలినవి బట్టీలోకి బూడిదరంగులో వెళ్లి ఎర్రగా బయటికి వచ్చాయి. ఆ ఎరుపు అంతకు ముందు ఎక్కడ దాక్కుందని అడిగితే, మట్టిలోని ఇనుమేనని గురువుగారు చెప్పింది. తడితే ఖంగుమన్నాయి.

పెళ్లి ముందురోజు డోలు, నాదస్వరాలతో మా వాళ్లు మా క్వార్టర్స్ ముందుకు వచ్చారు. ముందు మా మేనత్త, వెనక తమ్ముడు. వాడి చంకలో చేట, తల మీద సంచి. వరండాలో వరసగా పెట్టిన కుండలకు పసుపూ కుంకుమా పెట్టి, అత్త నావైపు తిరిగింది.

"రారా. పట్టు."

"ఏమిటత్తా?"

"రాగులు. చేసినోళ్లకు రాగులూ ఆకువక్కా ఇచ్చి, వాళ్లు పుచ్చుకున్నాకనే కుండ ఎత్తల్ల. తెలీదా నీకు?"

తెలుసు. ఇవి నా కుండలు కాబట్టి ఆ తంతు ఉండదని నాకు నేనే అనుకున్నాను.

"ఇంటివాడికి ఇచ్చేదేమిటత్తా? ఇదిగో, పక్కనే మా గురువుగారున్నారు, ఆమెకివ్వండి."

అత్త గురువుగారిని ఎగాదిగా చూసింది. "ఏమ్మా, నువ్వు చేసినావా ఇవి?"

"నా చెయ్యి పడలేదవ్వా. పడింటే ఇంకా బాగుండేవి" అందామె. మేళగాళ్లు నవ్వారు.

"విన్నావా? పట్టు."

"నేను పుచ్చుకోనత్తా. ఊరికే తీసుకుపొండి."

డోలు ఆగింది. తమ్ముడు నేల చూస్తున్నాడు. పెళ్లికూతురి తల్లి కుండ మీదికి చాచిన చేతులు వెనక్కి తీసుకుంది.

"ఊరికే ఎత్తితే పిల్లకు మంచిదా?" అంది అత్త. "మట్టి పిసికేటప్పుడు రాని పెద్దరికం, రాగులు పట్టేటప్పుడు వచ్చిందా నీకు? పుచ్చుకోకపోతే కుండలు ఈడే ఉంటాయి. నాయనా, అంగడిలో పెయింటువి తెచ్చుకుంటాం."

పెయింటు కుండలు పందిట్లో నిలబడినట్టు, ఆ పిల్ల వాటికి దండం పెడుతున్నట్టు కళ్లకు కట్టింది. భుజం మీది తువాలు తీసి రెండు చేతులా చాపాను.

"అట్ల పడితే జారిపోతాయి" అంది అత్త. "నడుమ గుంట పెట్టి పట్టు."

గుంట పెట్టాను. తమ్ముడు సంచిని చేటలోకి కుమ్మరించి, చేట వంచాడు. రాగులు సన్నగా చప్పుడు చేస్తూ జారాయి. అంత చిన్న గింజలకు అంత బరువుంటుందని నేను అనుకోలేదు. తువాలు నిండుతుంటే నడుం దానంతటదే ముందుకు వంగింది.

అత్త కుండల వైపు చెయ్యి ఊపింది. ఆడవాళ్లు ఎత్తుకున్నారు. మేళం మొదలైంది.

రాగులు ముదురు ఎరుపులో మెరుస్తున్నాయి. అడగకుండా ఉండలేకపోయాను. "ఇవి యాడివిరా?"

తమ్ముడు ఖాళీ చేట దులుపుకున్నాడు.

"మన చేనువే. యాడివని అడిగేదానికి ఇన్నేండ్లు పట్టిందా నీకు?" అని మేళం వెనక నడిచాడు.