సారు దిద్దిన కాలు

మొన్న డోర్నకల్‌లో చిన్ననాటి స్నేహితురాలు లలిత ఇంట్లో, తను బడిలో వేసిన ఎద్దు బొమ్మ ఫ్రేములో కనిపించింది. ముందుకాలు మాత్రం డ్రాయింగ్ సారుది. ఆ గీత నాకు తెలుసు.

స్టేషన్ ఘన్‌పూర్ బడిలో సారు లలిత పక్కన కూర్చుని, ఆమె కుంచెతోనే బొమ్మ దిద్దేవారు. నా బొమ్మ చూసి తల ఊపి వెళ్లిపోయేవారు. నేనంటే ఇష్టం లేదనుకుని కుళ్లుకునేదాన్ని. ఒకసారి కావాలనే ఎద్దు కాలు వంకరగా గీసి చూపించాను.

"నీకు గియ్యొస్తది బిడ్డా. కావాలనే తప్పు గీసినవ్. నువ్వే దిద్దుకో," అన్నారు.

అది మెప్పని తర్వాతెప్పుడో అర్థమైంది. సారు పోయారు. అయినా మొన్న ఆ కాలు చూస్తే కడుపు మండింది. నా దగ్గర ఆయన గీత ఒక్కటీ లేదు.

ఇప్పుడు నేనూ డ్రాయింగ్ టీచర్నే. పిల్లల బొమ్మ ఎంత బాగున్నా, నా గీత ఒకటి గీసే ఇస్తాను.