వేలెడు తేడా

మా తమ్ముడిని అందరూ ‘సరేనండి’ అని పిలుస్తారు. అసలు పేరు వాడి పెళ్ళానికైనా గుర్తుందో లేదో. మాది దర్జీ పని. వాడు కత్తిరించి కుడతాడు, నేను కాజాలు, బొత్తాలు, అంచులు చూసుకుంటాను. ఏడాదిలో మూడంగుళాలు ఒళ్ళు చేసిన పెద్దమనిషి వచ్చి, "నువ్వే బిగుతుగా కుట్టావు" అని దబాయిస్తే, "సరేనండి" అని విప్పి వదులు చేసిస్తాడు. నోట్లో నాలుక లేనివాడు. వాడి వాటా నాలుక కూడా నేనే పట్టుకొచ్చానని మా అమ్మ అనేది. నిజమే, నేను అరిస్తే వీధి చివరి కొట్టువాడు కూడా తలెత్తి చూస్తాడు. అలాంటిది, ఆ రోజు ఆసుపత్రిలో నోరు మూసుకోమన్నది నేను, మూసుకోనన్నది వాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు వాడికి కొడుకు పుట్టాడు. ఏడో నెలలోనే పుట్టాడు, బరువు కిలో మీద కాస్త. గాజు పెట్టెలో పెట్టారు. మరదలికి కడుపు కోసి కాన్పు చేస్తే కుట్లు చీము పట్టి, పై అంతస్తులో కదల్లేక పడి ఉంది. బిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోలేదు. రెండు గంటలకోసారి పాలు పిండి స్టీలు గిన్నెలో పోసిస్తే, తమ్ముడు మూత పెట్టి కిందికి తెచ్చేవాడు. నర్సమ్మ వాటిని సన్నటి గొట్టంలోంచి బిడ్డ కడుపులోకి వదిలేది. వాడు లోపలికి వెళ్ళి బిడ్డను చూసుకునేది మాత్రం రోజుకు రెండుసార్లే, పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి.

అంత చిన్న ఒంటికి కొన్న గుడ్డలేవీ నిలబడవు. అందుకని మెత్తటి నూలుగుడ్డతో, బొడ్డు దగ్గర నాడాలతో ముడేసేలా పన్నెండు గుడ్డలు కుట్టాడు. పన్నెండూ ఒకే కొలత, నాడాలతో సహా.

పుట్టిన పన్నెండో రోజు సాయంత్రం నాలుగింటికి లోపలికి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. బిడ్డకు గుడ్డ మార్చి ముడేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. విప్పి, ఇంకో గుడ్డ తీసి మళ్ళీ ముడేశాడు. మిగిలిన నాడా పక్కన తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

"నర్సమ్మా, పొద్దున నాడా నాలుగు వేళ్ళు మిగిలిందమ్మా. ఇప్పుడు మూడే మిగిలింది. వీడి పొట్ట పెరిగింది."

"పాలు తాగే పిల్లాడు పెరగకుండా ఎలా ఉంటాడయ్యా?" అని నవ్విందామె. మంచి మనిషే. అయినా వాడి తృప్తి కోసం పక్కనున్న టేపు తీసి కొలిచింది. "ఇరవైనాలుగు సెంటీమీటర్లు. పొద్దున రాసింది కూడా ఇరవైనాలుగే. చూసుకో."

"పొద్దున్నుంచి ఇప్పటికి వేలెడు పెరుగుతుందా అమ్మా? నిన్న నా వేలు పట్టుకున్నాడు. ఇవాళ పట్టుకోవట్లేదు. డాక్టరుగారికి చెప్పండమ్మా."

బల్ల దగ్గర కాగితాలు రాసుకుంటున్న కుర్ర డాక్టరు తలెత్తకుండానే, "గ్యాస్ అయ్యుంటుందండి. పెద్ద డాక్టరుగారు ఆరింటికి వస్తారు, అప్పుడు చూస్తారు. మీరు బయటికి వెళ్ళండి, పాల టైమయింది" అన్నాడు.

ఈ మాటకు వాడు ‘సరేనండి’ అనాలి. అనలేదు. "ఆరు దాకా పాలు ఆపండి బాబూ" అన్నాడు.

"మీరు చెబితే ఆపేస్తామా? ఆ బరువు బిడ్డకు పాలు తప్పితే ఏమవుతుందో తెలుసా మీకు?"

వీళ్ళకు కోపమొస్తే ఆ పసిగుడ్డును చూసేదెవరు? "ఒరేయ్, బయటికి రారా! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. వాళ్ళకు తెలియదా, నీకు తెలుసా?" అన్నాను. నా నోరు పడిపోను, ఆ మాట నేనే అన్నాను.

వాడు నా వైపు చూడను కూడా లేదు. పాల గిన్నె మీద అరచెయ్యి బోర్లించాడు.

"ఇవి వాళ్ళమ్మ పాలు. కుట్లు సలుపుతుంటే ఏడుస్తూ పిండింది. మీరు తొట్టిలో పారబోసినా నేనేమీ అనను. వాడి కడుపులో మాత్రం పొయ్యొద్దు. కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి, వాచ్‌మన్‌ను పిలవమన్నాడు. గోడకు చెప్పుకున్నా ఇంతే. లేస్తూ లేస్తూ తమ్ముడు నర్సమ్మ చేతిలోని టేపును చూశాడు. అంతే, చూపు దాని మీదే నిలబడిపోయింది.

"అమ్మా, పొద్దున కొలిచింది ఈ టేపుతోనేనా?"

"కాదు, అది పక్క గదిలో కొత్తది. ఇది ఇక్కడుండేదే. ఏం?"

"రోజూ స్పిరిట్‌తో తుడుస్తారా?"

"తుడవకుండా ఎలా?"

వాడి మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. పడుకునేటప్పుడు కూడా తియ్యడని మరదలు ఎగతాళి చేస్తుంది. దాన్ని లాగి, రెండింటి మొదళ్ళూ ఒక్కచోట పట్టుకుని, బల్ల మీద పక్కపక్కనే పరిచాడు. వార్డు టేపు మీది ఇరవైనాలుగు వచ్చి, వాడి టేపు మీది ఇరవైఐదున్నర పక్కన నిలబడింది.

"గుడ్డ టేపు సాగుతుందండీ. తడిపి తడిపి లాగితే ఇంకా సాగుతుంది. అందుకే మేం ఏటా పారేస్తాం. పొద్దున కొత్త టేపు చెప్పింది నిజం. మీరిప్పుడు ఇరవైనాలుగన్న పొట్ట ఇరవైఐదున్నర."

నర్సమ్మ గబగబా వచ్చి బిడ్డ గొట్టానికి సిరంజి పెట్టి వెనక్కి లాగింది. పాలకు బదులు పచ్చటి పసరు వచ్చింది. ఆమె నవ్వు ఎటుపోయిందో! డాక్టరు ఒక్క అంగలో పెట్టె దగ్గరికి వచ్చి, పాలు ఆపించి, పొట్ట మీద చెయ్యి వేసి చూసి, ఫోను అందుకున్నాడు.

ఎక్స్‌రే తీశారు. అరగంటలో పెద్ద డాక్టరు వచ్చాడు. పేగు చచ్చుబడుతోందట, వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, బతుకుతాడని మాటివ్వలేడట. కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. తమ్ముడు పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యలేదు.

"ముందు చెప్పండి. ఎక్కడ కోస్తారు? ఎంత కోస్తారు? తర్వాత వాడు పాలు తాగగలడా?"

పెద్ద డాక్టరు విసుక్కోలేదు. బొమ్మ గీసి చూపించాడు. అంతా విన్నాకే వాడు సంతకం పెట్టాడు.

బెత్తెడు పేగు తీసేశారు. ఇంకో రెండుసార్లు పాలు పోసి ఉంటే పేగు పగిలి ఉండేదని కుర్ర డాక్టరే వచ్చి, తల దించుకుని చెప్పాడు. "వారం గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అన్నాడు. ఆ వారమంతా వాడూ నేనూ ఆ నడవాలో బతికాం, తిన్నదేమిటో గుర్తులేదు. ఒకరోజు నేను, "అన్న మాట వెనక్కి తీసుకోలేను రా, నన్ను క్షమించు" అని ఏడిస్తే, "ఊరుకో అక్కా, రోజూ నేననే మాటే కదా ఆ రోజు నువ్వన్నావు" అన్నాడు.

మధ్యలో నర్సమ్మ వచ్చి, వాడి మెడలోని టేపు వార్డుకు ఇచ్చి వెళ్ళమని అడిగింది. "ఇవ్వనమ్మా. ఇది కొని ఏడాది కావస్తోంది. కొత్తవి తెచ్చిస్తాను" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పోయి అరడజను తెచ్చాడు.

ఆపరేషనయిన తొమ్మిదో రోజున గాయానికి కాస్త కిందగా గుడ్డ ముడెయ్యనిచ్చారు. పొట్ట మెత్తబడితే ఎంత నాడా మిగలాలో, వాడు ముందే మరదలికీ నాకూ వేళ్ళు పెట్టి చూపించి ఉన్నాడు. పదింటికి లోపలికి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి నా వైపు తిరిగి, చెయ్యెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు.

మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి మరదలి మంచం దగ్గరికి వెళ్ళాను. "ఏమైంది వదినా?" అని అది లేవబోయింది. ఇంత నోరున్న నేనూ నాలుగు వేళ్ళే చూపించాను.