సౌండు ఆపి చూపించిన రివ్యూ

మా బావ కీబోర్డు ప్లేయరు. అక్కుపల్లి దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబంలో పుట్టాడు గానీ, చిన్నప్పటి నుంచీ పడవ మీద కంటే భజన మందిరంలో హార్మోనియం దగ్గరే ఎక్కువ కనిపించేవాడట. మా అక్కను చేసుకునేనాటికి పలాస చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడు. నేను టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు రోజుల్లో అదే ఆర్కెస్ట్రాలో పాటలు పాడేదాన్ని.

నలభై దాటకముందే బావ కిడ్నీలు దెబ్బతిన్నాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఏ వీధిలో అడిగినా ఈ జబ్బున్న ఇల్లు ఒకటి చూపిస్తారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపి కుట్టే ఆపరేషను అది. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదని డాక్టరుగారు చెప్పారు.

"వాయించొచ్చాండీ?" అని అడిగాడు బావ.

"వాయించుకో. మోయకు," అన్నారాయన.

ఆర్కెస్ట్రా అంటే వాయించడం ఒక్కటే కాదు. స్పీకర్లు ఎత్తాలి, వ్యాను ఎక్కించాలి, తెల్లార్లూ మేలుకోవాలి. బావ మానేశాడు. ఆయన లేని స్టేజీ మీద పాడబుద్ధి కాక నేనూ మానేశాను.

కొన్నాళ్లకు అక్క పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో తోటి ఆవిడ కూతురికి నిశ్చితార్థం జరిగింది. "భోజనాల కాడ మీరిద్దరూ కూకుని నెమ్మదిగా పాటలు పాడండి, సాలు," అందావిడ. డప్పులూ డాన్సులూ లేవు. బావ పాత కీబోర్డు మీద వాయించాడు, నేను పక్కనే కూర్చుని పాడాను. జనం తింటూ విన్నారు. కొందరు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు. అక్కడి నుంచి రిసెప్షన్లకు పిలుపులు రావడం మొదలైంది. ఇద్దరమే, గంటో రెండు గంటలో. అది బావ ఒంటికి సరిపోయింది.

పాత కీబోర్డు మాత్రం ఓపిక పట్టలేదు. ఉప్పుగాలికి లోపలి కాంటాక్టులు పాడై కొన్ని మెట్లు ఎంత నొక్కినా పలకడం మానేశాయి. పైగా ఇద్దరే ఉన్నప్పుడు వేలు మెల్లగా వేస్తే మెల్లగా, గట్టిగా వేస్తే గట్టిగా పలికే వాయిద్యం కావాలన్నాడు బావ. అలాంటిది డిజిటల్ స్టేజ్ పియానో. మెట్లు అసలు పియానోలా బరువుగా ఉంటాయి, పొడవూ అంతే. చాలావాటికి సొంత స్పీకర్లు ఉండవు. వైరు తీసుకెళ్లి సౌండు సిస్టమ్‌కి కలపాల్సిందే.

పలాసలో చూద్దామంటే ఎక్కడా లేదు. దాంతో డయాలసిస్ మంచం మీద పడుకుని, కుడిచేత్తో ఫోను పట్టుకుని రివ్యూలు చూడడం మొదలుపెట్టాడు. అన్నీ ఇంగ్లీషువే. అర్థం కానివి నాకు పంపేవాడు. ఆదివారం పలాస వెళ్లినప్పుడు పక్కన కూర్చుని చెప్పేదాన్ని.

మొదట్లో అన్నీ ఒకేలా అనిపించాయి. పెట్టె విప్పుతారు, లైట్లు వెలిగిస్తారు, చేతులు కనపడనంత వేగంగా ఏదో వాయిస్తారు, అద్భుతం అంటారు. కంపెనీ వాళ్లు రాసిన వివరాలనే చదివి వినిపిస్తారు.

"ఇన్ని టోన్లున్నాయి, అన్ని టోన్లున్నాయి అంతన్నాడు. ఈడు దీన్ని రెండు దినాలైనా ఇంటికాడ ఉంచుకున్నాడేటి?" అన్నాడు బావ.

"ఎలా తెలుస్తుంది బావా?"

"ఏటి నచ్చలేదో సెప్పలేదు కదా. రెండు దినాలుంచుకుంటే ఏదోటి నచ్చకపోద్ది."

ఆ తర్వాత దొరికింది ఒక పెద్దాయన చేసిన రివ్యూ. ఏ దేశమో తెలియదు. ఏదో ఖాళీ హాల్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. చాలా పొడుగు వీడియో, నాకు ఓపిక లేకపోయింది. బావ మాత్రం కదల్లేదు. ఆ పెద్దాయన పాటేమీ వాయించలేదు. ఒక్క మెట్టు తీసుకుని వినీ వినపడనంత మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో దెబ్బకీ కాస్త బలం పెంచుతూ వెళ్లాడు. మూడు మెట్లు కలిపి నొక్కి, ఆ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా చేతులు తియ్యకుండా కూర్చున్నాడు. తర్వాత సౌండు మొత్తం ఆపేసి వాయించాడు. మెట్లు లోపల తగిలే టకటక మాత్రమే వినిపించింది.

"అదేటి, సౌండు లేకండా?" అంది అక్క, వంటింట్లోంచి వచ్చి.

"పక్కన మరదలు నెమ్మదిగా పాడతంటే ఈ టకటక మైకులో ఇనపడతాదో లేదో తెలియాల కదా," అన్నాడు బావ.

చివర్లో ఆ పెద్దాయన దాన్ని సంచిలో పెట్టి భుజానికేసుకుని మేడమెట్లు ఎక్కి చూపించాడు. పైకెళ్లేసరికి రొప్పుతున్నాడు. ఏడాదిగా వాడుతున్నానని, మొదట్లో నచ్చనివి ఏమేమి అలవాటయ్యాయో, ఏవి ఇప్పటికీ విసిగిస్తున్నాయో చెప్పాడు. ఎడమ వైపు మెట్లు గట్టిగా ఉంటాయి, కరెంటు వైరు వదులుగా దూరుతుంది, తాళం దానంతటదే వేసే రిథమ్‌లు లేవు, అవి కావాల్సినవాళ్లు దీని జోలికి రావద్దు అన్నాడు. నేను తెలుగులో చెబుతుంటే బావ ఒక్కోదానికీ తలాడించాడు.

"రిథమ్‌లు మనకి అక్కర్లేదు. వైరుకి టేపేత్తాను. ఎడమేపు మెట్లే సూడాల, నా సెయ్యి తట్టుకుంటాదో లేదో."

అక్క ప్రశ్న వేరు. "ఎంత బరువుంటాది? మోసేది నాను కదా."

వీడియోలో పెద్దాయన చెప్పిన బరువుకి సరిపడా బియ్యం తూచి గోనెసంచిలో పోసింది అక్క. భుజానికెత్తుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. "ఎత్తగలను గాని, ఇది గుండ్రంగా ఉంది. అది పొడుగంతన్నారు కదా," అంది. ఆ పొడుగుకి సరుగుడు కర్ర ఒకటి కొట్టించాడు బావ. దాన్ని పట్టుకుని ఇద్దరూ మాకు తెలిసిన ఆటో దగ్గరికి వెళ్లారు. అడ్డంగా పెడితే రెండు వైపులా బయటికి వచ్చింది. నిలువుగా పట్టలేదు. వెనక సీటు మీంచి డ్రైవరు పక్కకు ఏటవాలుగా పెడితే పట్టింది, కానీ దాని పక్కన ఒక్కరే కూర్చోగలరు.

"ఇంతకీ ఏటి తెత్తన్నారు మావా, శవాన్నా?" అన్నాడు ఆటో అతను. బావ అంతలా నవ్వడం చూసి చాలా కాలమైంది.

డయాలసిస్ లేని రోజు చూసుకుని ముగ్గురం పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. షాపులో కుర్రాడు సౌండు పెంచి, "ఏదైనా వాయించండి సార్," అన్నాడు. బావ సౌండు ఆపేయమన్నాడు. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను తలూపాను. బావ కళ్లు మూసుకుని చప్పుడు లేని పియానో మీద చాలాసేపు వాయించాడు. ఎడమచేతి కింద అక్క తన చెయ్యి ఆనించి ఉంచింది. ఫిస్టులా ఉన్నచోట రక్తం పారే అదురు తెలుస్తుంది. అలా పట్టుకోవడం ఆమెకు అలవాటు.

"లాగుతోందా మావా?" అంది అక్క.

"అలవాటవుద్ది. నొప్పయితే లేదు," అన్నాడు. అప్పుడు సౌండు పెట్టించుకుని, నేను పాడే పాటే ఒకటి అందుకున్నాడు. కొన్నాం.

టెక్కలిలో ఫంక్షన్ హాల్లో రెండు రిసెప్షన్లు బాగా జరిగాయి. టేపు వేసిన వైరు ఊడలేదు. మైకులో టకటక వినపడలేదు. ఆ తర్వాత బావ వాళ్ల ఊళ్లో, సముద్రానికి దగ్గరగా వేసిన పందిట్లో ఒక పెళ్లి. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. వెంటనే జనరేటరు వేశారు, లైట్లు వచ్చేశాయి, నా మైకూ వచ్చింది. పియానో మాత్రం నల్లటి చెక్కలా పడి ఉంది. మళ్లీ వెలిగి సిద్ధం కావడానికి దానికి టైము పడుతుందని మాకు తెలియదు. నాకు ఆగాలో పాడాలో తోచలేదు. బావ వేళ్లతో పియానో అంచు మీద తాళం వేస్తూ నా వైపు చూసి, పాడు అన్నట్టు గడ్డం ఎత్తాడు. పాడాను. తోడు లేక శ్రుతి జారిపోతుందేమోనని ఆయన వేసే తాళాన్నే పట్టుకున్నాను. చరణం పూర్తయ్యేవేళకి పియానో వెలిగింది. బావ ఒక్క మెట్టు మెల్లగా తాకి చూసుకున్నాడు. ఆ స్వరం నా గొంతు ఉన్నచోటే ఉంది. మిగతా వేళ్లూ దించాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అన్నాడు: "ఆ పెద్దాయన తప్పేటి లేదు. ఆయనకాడ కరెంటు పోదు. పోతే ఏటవుద్దో మనవే సెప్పాల."

వెంటనే చెప్పలేదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనిమ్మన్నాడు. చెమట వేళ్లకి మెట్లు ఎలా జారుతున్నాయో, వానాకాలంలో గుడ్డ కప్పకపోతే ఏమవుతుందో చూసుకున్నాడు. అప్పుడు జీడితోటలో వాళ్ల పిన్ని ఇంటి అరుగు మీద నా ఫోనుతో వీడియో తీశాం. మొదట పుస్తకాల తెలుగు మాట్లాడబోయి మాటిమాటికీ ఆగిపోయాడు.

"నాతో సెప్పినట్టు సెప్పు మావా," అంది అక్క.

అలాగే చెప్పాడు. మెట్లు ఒక్కొక్కటే మెల్లగా తాకి వినిపించాడు. సౌండు ఆపి వినిపించాడు. ప్లగ్గు లాగేసి, మళ్లీ పెట్టి, అది పలికేదాకా కెమెరా ముందు ఊరకే కూర్చున్నాడు. అక్క సంచి భుజానికేసుకుని ఆటో ఎక్కించింది. చివర్లో చొక్కా చెయ్యి మడిచి ఎడమచెయ్యి చూపించాడు. "నాది ఇలాటి సెయ్యి. అందరికీ ఇలగే ఉంటాదని అన్ను. మీ సెయ్యి ఏటంతాదో కొనకముందే ఓపాలి సూసుకోండి," అన్నాడు. ఆ ముక్క ఉంచాలా వద్దా అని నేను తటపటాయించాను. ఉంచమన్నాడు.

కింద బావ నంబరు రాసి యూట్యూబ్‌లో పెట్టాం. పెద్దగా ఎవరూ చూడలేదు. చూసినవాళ్లలో ఒకాయన వజ్రపుకొత్తూరు వైపు ఊరి నుంచి ఫోను చేశాడు. భజనల్లో హార్మోనియం వాయించేవాడట. ఆయనకూ డయాలసిస్, ఆయనకూ ఎడమచేతికే ఫిస్టులా. ఎడమచేత్తో తిత్తి ఊదలేక పెట్టె అటక మీద పెట్టేశాడు. "నీ దానికి తిత్తి లేదు కదా తమ్ముడూ, నాను కొనీనా?" అన్నాడు.

"ఫోన్లో సెప్పను అన్నా. వచ్చి వాయించు," అన్నాడు బావ.

వచ్చాడు. బావకంటే పదేళ్లు పెద్దవాడు, సన్నటి మనిషి. డయాలసిస్ వాళ్లకి నీళ్లు లెక్క ప్రకారమే కాబట్టి అక్క కొలిచి పోసిన నీళ్లు గుక్కెడు తాగి పియానో ముందు కూర్చున్నాడు. కుర్చీలో ఆయనకి కుదురు చిక్కలేదు. కాసేపటికి దిగి కింద చాప మీద కూర్చున్నాడు. పియానోని పీటల మీదికి దించితే మోకాళ్లు పట్టలేదు. అయినా రెండు భజనలు వాయించాడు. ఎడమ వైపు మెట్ల దగ్గర ఆయన వేళ్లు ఆగుతున్నాయి.

"బాగుంది గాని, మందిరంలో అందరూ కిందే కూకుంటారు. నానొక్కడినే కుర్సీలోనా?" అన్నాడు.

"నీకిది వద్దన్నా," అన్నాడు బావ. "మెత్తటి మెట్లున్న సిన్న కీబోర్డు సాలు. ఒళ్లో పెట్టుకోవచ్చు."

ఆయన అలాంటిదే కొనుక్కున్నాడు. ఇప్పుడు శనివారం భజనలకి మళ్లీ వెళుతున్నాడు. ఒకరోజు ఫోను పక్కన పెట్టి మాకు వినిపించాడు కూడా. శబ్దం కాస్త పలచగా ఉన్నా, వెనక జనం గొంతులు నిండుగా ఉన్నాయి.

ఆయన మా ఇంటికి వచ్చి వెళ్లిన మర్నాడే బావ నన్ను పిలిచి వీడియోకి ఇంకో ముక్క తీయించాడు. చాప పరిచి, పియానోని పీటల మీద పెట్టి, కింద కూర్చుని మోకాళ్లు ఎక్కడ అడ్డం పడుతున్నాయో చూపించాడు. నేను ఆ ముక్కని వీడియో చివర్లో పెట్టబోతే, మొదట్లోనే పెట్టమన్నాడు.